పటము వెనుక పేరు

తెలుగువారి యిండ్లలో గోడలకు వ్రేలాడు పటములు రెండు తెఱగులవి. దేవతల పటములు కొన్ని. పెద్దల పటములు కొన్ని. దేవతల పేర్లు ఇంటిలోని పసిబిడ్డకైనను దెలియును. పెద్దల పేర్లు తెలిసినవారు మాత్రము నానాటికిని తగ్గిపోవుచున్నారు. తాతతండ్రి యెవరో, ఆయన ప్రక్కన కూర్చున్న ముసలమ్మ యెవరో, ఆమె యొడిలోని బిడ్డ యేమయ్యెనో చెప్పగలవారు ఇంటికొక్కరుందురు. ఆ యొక్కరు కన్నుమూసిననాడు పటము గోడమీదనే యుండును. అందలి మనుష్యులు మాత్రము ఆ యింటికి పరాయివారగుదురు. ఇది గృహవిషయమే గాని పత్రికలు పట్టించుకొనవలసిన విషయము కాదని కొందఱనవచ్చును. మేమట్లు తలంపము. ఏల తలంపమో యీ దినమున మా పాఠకులకు విన్నవింతుము.

అశ్వారావుపేటలో మా మిత్రులొకరి యింట ఇటీవల నొక పెండ్లిపటమును చూచితిమి. వధూవరులు కుర్చీలలోను, పెద్దలు వెనుక వరుసలోను, పిల్లలు నేలమీదను, వెరసి ఇరువదియొక్క మంది. వారి వెనుక స్తంభములును పూలకుండలును చిత్రించిన స్టూడియో తెర. ఇంటి పెద్దామె కండ్లద్దములు సవరించుకొని, ఒక్కొక్క ముఖముమీద వ్రేలుంచి, "ఈయన మా పెదమామగారు, ఈమె మా మేనత్త కూతురు, జీలుగుమిల్లి ఇచ్చినారు, ఈ పిల్లవాడు పాముకాటుకు పోయినాడు" అని పదునాఱుగురి పేర్లు చెప్పినది. తక్కిన ఐదుగురెవరని యడుగగా, "మా అత్తగారికి తెలుసు" అన్నది. అత్తగారు పోయి ముప్పదియేండ్లైనది. మనుమడు చేతిలోని ఫోనుతో ఆ పటమునకు చక్కని ప్రతిని తీసికొనెను. ముఖములన్నియు ఫోనులోనికి వచ్చినవి, పేరొక్కటియు రాలేదు. పటమును త్రిప్పిచూడగా అట్టమీద స్టూడియోవారి ముద్ర గలదు. ఆ ముద్ర తప్ప మఱియొక యక్షరము లేదు.

ఆ పదునాఱు పేర్లును ఆ వృద్ధురాలి యూపిరితో ముడివడియున్నవి. మన దేశచరిత్రలో నెంత భాగమిట్లు వృద్ధుల యూపిరితో ముడివడి యున్నదో యోచించినవారు కొలదిమంది.

అశ్వారావుపేటవంటి సరిహద్దుటూళ్లకు ఈ యోచన మఱింత యవసరము. పాల్వంచ సంస్థానాధిపతులగు అశ్వారావుల పేర వెలసిన యీ యూరు 1948 వఱకు నిజాము రాజ్యములోనిది. తూర్పున కొలది మైళ్లు నడచిన బ్రిటిషువారి గోదావరి సీమ. గోదావరికావల నున్న భద్రాచలము తాలూకాను నిజాము 1860లో ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. అది కొన్నాళ్లు మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరి, 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చినది. 1956లో ఆంధ్రప్రదేశావతరణముతో చెఱిగిన గీత 2014లో తెలంగాణ రాష్ట్రావతరణముతో మరల నేర్పడినది. ఆ యేడే పోలవరము నిమిత్తము కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున కలుపబడినవి. 2016లో అశ్వారావుపేట భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చినది.

ఈ గీతలను గీచినవారెవరును పెండ్లిసంబంధములను లెక్కించి గీయలేదు. అన్న భూమి నిజాము పహాణీలో నుండును. చెల్లెలి యత్తవారి భూమి మద్రాసు ప్రభుత్వపు అడంగలులో నుండును. ఒకరి తాత పేరు ఉర్దూలిపిలోను, వారి వియ్యంకుని పేరు తెనుగులిపిలోను వ్రాయబడియుండును. కృష్ణా గోదావరీ డెల్టాలనుండి సేద్యమునకై వచ్చి యిచ్చట స్థిరపడినవారి పెద్దల పటములు ఆవలి యూళ్లలో నున్నవి. ఇట్లొక కుటుంబపు జాడ వెదకదలచినవాడు ఖమ్మము, వరంగల్లు, ఏలూరు, కాకినాడ, హైదరాబాదు, చెన్నపట్టణము తిరుగవలసియుండును. అంతటి తిరుగుడు సామాన్యుని తరమా? అతని యింట నున్న పటమును, అతని నాయనమ్మ నోటిమాటయునే అతనికి చరిత్రకోశము.

పూర్వము మనవారు ఈ పనిని గాలికి వదలిపెట్టినవారు కారు. శ్రాద్ధకర్మయందు పితృ పితామహ ప్రపితామహుల పేర్లు చెప్పవలయును గదా! గోదావరీ పుష్కరములలో పిండప్రదానమునకు కూర్చున్నవానిని పురోహితుడడుగు మొదటి ప్రశ్నలు గోత్రమును, మూడు తరముల పేర్లునే. కాశీ గయలలోని పండాలు యాత్రికుల వంశముల వ్రాతపుస్తకములను తరతరములుగా దాచుచు వచ్చిరి. భట్రాజులు రాజుల వంశావళులను చదివిరి. పిచ్చుకుంట్లవారు కాపుల గోత్రములను పాడుచు ఊరూర తిరిగిరి. వంశములను చెప్పుటయే వారి వృత్తియగుటచే నేడు వారిని వంశరాజులని పిలుచుచున్నారు. పద్మశాలీల కథను కూనపులివారును, మాదిగల జాంబపురాణమును డక్కలివారును బొమ్మలు వ్రాసిన పటమును విప్పి చూపుచు చెప్పిరి. కావున ప్రతికులమునకు నొక స్మృతిధరుడుండెను. కల్నల్ మెకంజీ 1821లో మరణించులోపల ఆంధ్రదేశపు కైఫియతులను సేకరింపగలిగెనన్న, కరణముల యిండ్లలో దండకవిలెలును, పెద్దల నోళ్లలో వంశకథలును నిలిచియుండుటవలననే గదా!

ఐనను ఈ పద్ధతిలో నొక లోపము గలదు. ఈనాము గలవానికి వంశావళి గలదు, కూలివానికి లేదు. ఉన్న వంశావళులలోనైనను కొడుకుల పేర్లే గాని కూతుండ్ర పేర్లు లేవు. పది తరముల వంశవృక్షమును వ్రేలాడగట్టిన గృహస్థుని ముత్తవ్వ పేరడిగిన దెల్లబోవును. తనను గన్నతల్లి తల్లికి తల్లి పేరు తెలియనివాడు తన వంశము తనకు దెలియునని యెట్లు చెప్పగలడు? ఇచ్చటనే పాతపటము మనకు మేలు చేయుచున్నది. వంశావళి విడిచిన యాడువారిని పటము విడువలేదు. మేనత్తలు, పిన్నమ్మలు, తోడికోడండ్రు, భర్తను గోల్పోయి పుట్టింట నిలిచిన యాడుబిడ్డలు వెనుకవరుసలోనో, మూలలోనో నిలిచియేయున్నారు. వారి పేర్లు వ్రాసిన, సగము చెట్టుగా నున్న మన వంశవృక్షము పూర్తి చెట్టగును.

అశ్వారావుపేట యడవులలోని కోయవారి విషయము వేఱు. వారిలో వంశమనునది మూడవ గట్టు మొదలు ఏడవ గట్టు వఱకు నేర్పడిన కట్టుబాటు. ఒక గట్టువారందఱు అన్నదమ్ములు; వేఱు గట్టువారితోనే వియ్యము. ఏ యింటిపేరు ఏ గట్టుదో, ఏ వేల్పుదో చెప్పువారు డోలీలు. వారి చేత పడిగె యను గుడ్డ యుండును. మూడుకోణముల ఆ గుడ్డమీద వేల్పులును పూర్వవీరులును బొమ్మలై నిలిచియుందురు. డోలు మ్రోగగా, పడిగె ముందు నిలిచి, తాతముత్తాతల కథను పాడుదురు. కెమెరా పుట్టకపూర్వమే కోయవాడు తన పెద్దల పటమును దాచుకొనినాడని మేమన్నచో నతిశయోక్తి కాదు. అంతేగాదు, మన పటమునకు లేని గుణము ఆ పడిగెకు గలదు. దానిని చూపునపుడెల్ల పేర్లు చెప్పియే చూపవలయును.

ఈ విద్యలో మేటియగు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. మణుగూరు మండలమునందలి కూనవరమునకు చెందిన ఆయన సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోను తెలుగులోను పాడి చెప్పెడివాడు. 2024లో ఆయన స్వర్గస్థుడయ్యెను. బిరుదమిచ్చుట గౌరవమే. కాని బిరుదమిచ్చిన రెండేండ్లలో పాట నెంత వ్రాసికొంటిమి, ఎందఱు పిల్లలకు నేర్పించితిమి యన్న ప్రశ్న మిగిలియున్నది. అడవిలోని డోలీలలో వృద్ధులింకను గొందఱున్నారు. వారివద్దకు పోవుటకు మనమెవరి పోకకై యెదురుచూచుచున్నాము?

ఇక కెమెరా మన దేశమునకు వచ్చిన విధమును గూడ తలంచుకొందము. ఆఱవ నిజాము కొలువులో లాలా దీనదయాళు రాజులను, కోటలను, వేటలను చిత్రించి ప్రసిద్ధి గాంచెను. ఘోషాస్త్రీలకై 1892లో హైదరాబాదున ప్రత్యేకపు స్టూడియోను నెలకొల్పెను. దొరల పటములకు పేర్లున్నవి, బిరుదములున్నవి, తేదీలున్నవి. సామాన్యుల పటములకేమున్నవి? 1868 మొదలు 1875 వఱకు ఇంగ్లీషు ప్రభుత్వము 'పీపుల్ ఆఫ్ ఇండియా' యను పేర ఎనిమిది సంపుటములను ప్రకటించెను. 1909లో థర్‌స్టన్, రంగాచారి గార్లు దక్షిణదేశపు కులములను గూర్చి యేడు సంపుటములను వెలువరించిరి. ఆ గ్రంథములలోని పటములలో నిలిచినవాడు చాలచోట్ల ఫలానా కులపువాడే గాని ఫలానావాడు కాడు. వానికి తల్లి పెట్టిన పేరొకటి యుండియుండును గదా! పటము తీసినవానికి దానితో పనిలేకపోయెను. పరప్రభుత్వము మనలను జాతులుగా లెక్కించెను గాని మనుష్యులుగా నెఱుగలేదు.

ఇందు మన ప్రాంతమునకు ప్రత్యక్షముగా తగులు ముచ్చట యొకటి గలదు. ఆస్ట్రియా దేశీయుడగు హైమెండార్ఫ్ పండితుడు 1940 తరువాతి యేండ్లలో నిజాము ప్రభుత్వపు టనుమతితో పాల్వంచ సీమలోని గోదావరి కొండలలో కొండరెడ్ల నడుమ నివసించి, వారి జీవితమును గూర్చి 1945లో నొక గ్రంథమును ప్రకటించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు వేలకొలది నేడు లండను విశ్వవిద్యాలయమునకు చెందిన సోయస్ అను ప్రాచ్యవిద్యాలయమున భద్రముగా నున్నవి. ఆయన యెడల మాకు కృతజ్ఞతయే గాని ఆక్షేపము లేదు. కాని యొక్కసారి యోచింపుడు. అశ్వారావుపేట, దమ్మపేట అడవులలోని కొండరెడ్డి యింట తాత పటము లేదు. ఆ తరమువారి పటములు సముద్రములకావల పెట్టెలలో నున్నవి. అచ్చట పటములున్నవి, గుర్తుపట్టువారు లేరు. ఇచ్చట గుర్తుపట్టగల వృద్ధులున్నారు, పటములు లేవు. ఈ రెంటిని కలుపుటకు నేడు ఓడలతో పనిలేదు. తంతిమార్గమున నిమేషములో రప్పింపవచ్చును. ఆలస్యమైనచో పటములెన్నటికైనను వచ్చునేమో గాని గుర్తుపట్టు కన్నులు మిగులవు.

ఇది కాని పని యనువారికి మారిషసు ద్వీపము సమాధానము. 1834 మొదలు లక్షలకొలది భారతీయులను ఒప్పందపు కూలీలుగా నా ద్వీపమునకు దింపిరి. కోరంగి రేవునుండి పోయిన తెలుగువారికి అచ్చట కోరంగీలని పేరు వచ్చినది. కూలివాడు పాఱిపోకుండుటకై దొరలు వారిలో పలువురికి పటములు తీసి, పేరును, తండ్రి పేరును, ఊరును చిట్టాల కెక్కించిరి. నాటి ప్రభుత్వము కావలికై చేసిన యా చిట్టాలను మహాత్మా గాంధీ సంస్థవారు మోకాలో భద్రపఱచిరి. నేడు ఆ కూలీల మునిమనుమలు అచ్చటకు పోయి తమ పూర్వుల జాడ తెలిసికొనుచున్నారు. బంధనమునకై తీసిన పటము బంధుత్వమునకు సాక్ష్యమైనది. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటిన మనము మన యడవిపల్లెలకు అంతమాత్రము చేయలేమా?

వంశస్మృతి కేవలము ముచ్చటతీర్చుకొనుటకే కాదు. కూడు గుడ్డలతో ముడిపడినది. 2006 నాటి యటవీహక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13కు పూర్వము అడవిభూమిని సాగుచేసికొనుచున్న గిరిజనులకు హక్కు గలదు. గిరిజనేతరులైనచో, ఆ తేదీకి పూర్వము మూడు తరములు, అనగా డెబ్బదియైదేండ్లు, అచ్చటనే నివసించినట్లు చూపవలయును. 2008లో వెలువడిన నిబంధనలు సాక్ష్యముల పట్టికలో వృద్ధుల వాఙ్మూలమును వ్రాతలో పెట్టినదానిని, పూర్వపు భూమిలెక్కలలో పేరున్నవారితో సంబంధమును చూపు వంశావళిని అంగీకరించినవి. పోడు చేసికొను పేదవానికి తాత పేరు తెలియుట నేడు పట్టా వచ్చుటకు తోడుపడు సాక్ష్యము. తెలంగాణమున 1954-55 నాటి ఖాస్రా పహాణీ యిట్టి వెదకులాటకు మూలాధారము. అందలి పేరునకును నేటి దరఖాస్తులోని పేరునకును నడుమ మూడు తరములున్నవి. ఆ మూడు తరములను కలుపు దారము ఇంటి ముసలిదాని నోట నున్నది.

ఈ దారమును తెంపుటకు నీరు సిద్ధముగా నున్నది. 1986 ఆగష్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులెక్కినది. 2022 జులైలో 71.3 అడుగులెక్కినది. వరద వచ్చినవేళ మనుష్యుడు పిల్లలను, పశువులను, బియ్యపుమూటను తీసికొని మెరకకు పోవును. గోడమీది పటము జ్ఞప్తికి రాదు, వచ్చినను చేయి ఖాళీలేదు. వేలేరుపాడు, కుక్కునూరు ప్రాంతముల ముంపుపల్లెలవారికి పోలవరముచే గలుగు కష్టము వేఱు. ఇల్లే పోవుచుండగా పటమెక్కడ? ఇంటికి, చెట్టునకు, బావికి ప్రభుత్వము వెల కట్టినది. కొట్టమువద్ద నిలిచి తీయించుకొనిన తాత పటమునకు వెలయు లేదు, లెక్కయు లేదు. పునరావాస గ్రామములకు పోయినవారిలో ఇరుగుపొరుగులు విడిపోయిరి. "ఈయన మీ పెదనాయన" అని చెప్పు పొరుగింటి వృద్ధుడిప్పుడు పొరుగున లేడు.

వంశములను త్రవ్వుటవలన కులగర్వము పెచ్చుపెరుగునని కొందఱు శంకింతురు. ఈ శంక నిర్హేతుకము కాదు. తమ వంశమును రాజులకు ముడివేయించుకొనుటకై కవులకు కాసులిచ్చినవారు పూర్వమును గలరు, నేడును గలరు. కాని గర్వమును పెంచునది కల్పిత వంశావళి. నిజమైన వంశావళి గర్వము నణచును. నిజముగా వెదకినవానికి ఋణములో పొలము పోగొట్టుకొనిన తాతయు, కఱవునాడు ఊరువిడిచిన ముత్తాతయు, దత్తు వచ్చిన బిడ్డయు కనబడుదురు. కొన్ని యిండ్లలోని పాతపటములలో నొక ముఖము కత్తెరతో కోసివేయబడియుండును. కులము దాటి పెండ్లియాడినదనియో, ఆస్తి తగవునకు పోయినాడనియో, ఎవరో కోపముతో కోసినది. కోసినవారును పోయిరి, కోపమును పోయినది, తూటు మాత్రము మిగిలినది. ఆ తూటున నిలువవలసినవారి పేరును గూడ వ్రాయుడని మా ప్రార్థన. ఒక్కరిని దాచిన వంశచరిత్ర చరిత్ర కాదు.

ఇక చేయవలసినదేమి? గృహస్థులు చేయదగినది సులభము. ఈ పండుగకు బంధువులు కూడినపుడు పటములను దింపి పెద్దలముందుంచుడు. పటము వెనుక మెత్తని పెన్సిలుతో, నొత్తిపట్టక, ఎడమనుండి కుడికి వరుసగా పేర్లు, చుట్టరికము, ఊరు, తెలిసిన సంవత్సరము వ్రాయుడు. సిరాతో వ్రాయవలదు, అది ముందునకూరును. అద్దమునకంటుకొనిన పటమును బలిమిని ఊడదీయవలదు. అద్దముతోడనే ప్రతి తీయుడు. ఎండ తగులని, చెమ్మ చేరని, చెదలెక్కని తావున దాచుడు. స్టూడియో ముద్రవలన ఊరు తెలియును; పాత శుభలేఖలవలన పెద్దల పేర్లు తెలియును; బడిలోని ప్రవేశపు పుస్తకమువలన తండ్రి పేరును వయస్సును తెలియును. ఫోనులో ప్రతి తీసినవారు పెద్దామె గొంతును గూడ ఆ ఫోనులోనే పట్టియుంచుడు. పేరు తెలియనివారిని తెలియదనియే వ్రాయుడు. ఊహించి వ్రాసిన పేరు లేని పేరుకంటె చెఱుపు చేయును.

ఉపాధ్యాయులు వేసవి సెలవులకు పిల్లలకిచ్చు పనులలో నాలుగు తరముల వంశవృక్షమును చేర్పవచ్చును; అందు తల్లివైపు పేర్లుండితీరవలెనని నియమింపవచ్చును. గ్రంథాలయములు ఊరి పటముల ప్రతులను తీసి, పేర్లతో నుంచవచ్చును. రెండు రాష్ట్రముల ప్రభుత్వములు సరిహద్దు మండలముల పాత పహాణీలను, అడంగళ్లను, బడి పుస్తకములను ప్రతులు తీయించి, ఉర్దూలో నున్నవానిని తెనిగించి, ఏ యొడ్డువాడైనను చూచుకొనునట్లు చేయవలయును. గిరిజన సంక్షేమ శాఖవారు లండనునందలి పటముల ప్రతులను కొండపల్లెలకు దెచ్చి, వృద్ధులముందు పఱచి, వారు చెప్పిన పేర్లను వ్రాసికొనవలయును. డోలీలను పిలిచి పడిగెకథలను కోయభాషలోనే పూర్తిగా వ్రాయించవలయును. ఇందులకు కోట్లు వలదు. తొందర మాత్రము వలయును.

రాళ్లమీది శాసనములను చదివి రాజుల పేర్లు తెలిసికొంటిమి. ఆ రాజుల కోటలకు మట్టి మోసినవారి పేర్లు శాసనములకెక్కలేదు. కెమెరా వచ్చినపిదప మొదటిసారిగా ఆ మోసినవారి ముఖములైనను మనకు దక్కినవి. ముఖము దక్కిన తరువాత పేరును పోగొట్టుకొనుట మన చేతకానితనము గాక మఱేమి? అశ్వారావుపేటలోని యా పెండ్లిపటమున ఐదుగురు మనకు దక్కరు, వారు పోయినారు. పదునాఱుగురు నేటికిని దక్కుదురు. ఆ మనుమడు మరల నా వృద్ధురాలి ప్రక్కన కూర్చుండి, పటమును త్రిప్పి, పెన్సిలు చేతబట్టుటయే కావలసినది. అట్టి మనుమలును, అట్టి పటములును ప్రతి తెలుగింట నున్నారని, ఉన్నవని మాకు దెలియును. నాయనమ్మ యింకను మేలుకొనియున్న యీ సాయంకాలమే ఆ పనికి ముహూర్తము.